బ్లడ్ ఆన్ ద క్లాక్‌టవర్: మేయర్ బతికి ఉండే ఆ చివరి రోజు కోసం కొనదగ్గ ఆట

ఊరి పేరు రేవెన్స్‌వుడ్ బ్లఫ్. ఉరుముల రాత్రి, గడియారం పన్నెండు కొడుతుండగా ఒక కేక వినిపిస్తుంది. జనం పరుగెత్తుకొచ్చి చూస్తే ఊళ్ళో కథలు చెప్పే మనిషి శవం గడియార స్తంభం మీద, గంటల ముల్లుకు గుచ్చుకుని ఉంటుంది. కింద రాళ్ళ మీద నెత్తుటి చుక్కలు. చంపిన దయ్యం మనిషి రూపంలో ఆ జనంలోనే ఉంది. రోజుకొకరిని ఉరి తీసే హక్కు ఊరికి ఉంది. ఎవరిని తీయాలో ఓటు వేసి తేల్చుకోవాలి.

స్టీవెన్ మెడ్‌వే రూపొందించిన ఈ ఆటను పాండిమోనియం ఇన్‌స్టిట్యూట్ అనే ఆస్ట్రేలియా సంస్థ తెచ్చింది. 2019లో కిక్‌స్టార్టర్‌లో డబ్బు సేకరించారు, పెట్టెలు 2022లో ఆటగాళ్ళ చేతికి అందాయి. 5 నుంచి 15 మంది ఆడొచ్చు. మధ్యలో వచ్చి పోయే ట్రావెలర్లను కలుపుకుంటే 20 మంది దాకా. వీళ్ళు కాక ఆట నడిపే స్టోరీటెల్లర్ ఒకరు ఉండాలి. చిన్న గుంపుకి అరగంటలో తేలిపోతుంది, పదిహేను మంది కూర్చుంటే రెండు గంటలు.

చిన్నప్పుడు చీటీలు మడిచి రాజు, రాణి, మంత్రి, పోలీసు, దొంగ ఆడినవాళ్ళకీ, హాస్టల్లో మాఫియా ఆడినవాళ్ళకీ దీని మూలసూత్రం కొత్త కాదు. మాఫియాని 1986లో మాస్కోలో దిమిత్రి దవిదోవ్ మొదలుపెట్టాడు. 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ దానికి తోడేలు వేషం వేశాడు. ఆ ఆటలన్నిటినీ పట్టి పీడించే జబ్బు ఒకటే. మొదటి రాత్రి చచ్చినవాళ్ళు మిగతా గంటసేపు ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలి. పైగా ఓటు వేయడానికి చేతిలో ఆధారమేమీ ఉండదు, మొహం చూసి వేయాలి. క్లాక్‌టవర్ ఈ రెండిటినీ సరిచేసింది. ప్రతి ఒక్కరికీ ఒక పాత్ర, దానికో శక్తి ఉంటాయి. చచ్చినా మాట్లాడొచ్చు, ఓటు కూడా వేయొచ్చు, కాకపోతే ఒక్కసారే. ఈ ఆట గొప్పదనమంతా ఆ ఓటు లెక్కలో ఉంది. ఆ లెక్క పూర్తిగా బయటపడేది మేయర్ పాత్ర వచ్చినప్పుడు. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ రెండింటికే.

ముందు ఓటు సంగతి. పగలు కాసేపు గుసగుసలకు వదిలేసి, తర్వాత స్టోరీటెల్లర్ అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి నామినేషన్లు మొదలుపెడతారు. బతికున్నవాళ్ళు రోజుకి ఒక్కరిని మాత్రమే నామినేట్ చేయగలరు. ఒక మనిషిని రోజుకి ఒక్కసారే నామినేట్ చేయొచ్చు. చచ్చినవాళ్ళకి నామినేట్ చేసే హక్కు లేదు. ఎవరు ఎందుకు నామినేట్ చేశారో చెప్తారు, అవతలివాళ్ళు జవాబిస్తారు, తర్వాత స్టోరీటెల్లర్ చెయ్యి గడియారం ముల్లులా తిప్పుతూ ఓట్లు లెక్కపెడతారు. నామినేట్ అయిన మనిషికి ఎడమ పక్కనున్న వారితో మొదలై, చుట్టూ తిరిగి, చివరికి ఆ మనిషి దగ్గరే ఆగుతుంది. ముల్లు మీ ముందు నుంచి వెళ్ళే క్షణంలో చెయ్యి పైన ఉంటే ఓటు పడినట్టు, కింద ఉంటే లేనట్టు. అంతవరకు ఎన్నిసార్లు ఎత్తినా దించినా ఫరవాలేదు.

ఈ ముల్లు తిరిగే పద్ధతి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దీని వల్లే ఎక్కడ కూర్చున్నారన్నది ముఖ్యమవుతుంది. నామినేట్ అయిన మనిషికి ఎడమ పక్కన కూర్చున్నవాళ్ళు ఎవరు వేస్తారో తెలియకుండానే ముందు తేల్చుకోవాలి. కుడి పక్కవాళ్ళకి అప్పటికే ఎన్ని పడ్డాయో తెలుసు. అవసరమైన ఓటు తామే అవుతారో, వేస్తే ఎక్కువైపోతుందో చూసుకుని వేస్తారు. కాబట్టి ఆట అయ్యాక ఒకరి నిజస్వరూపం తేల్చాలనుకుంటే, ఎన్నో ఓటు వేశారో గుర్తుపెట్టుకోండి. ఆరు ఓట్లు చాలిన చోట ఏడోదిగా చెయ్యెత్తిన మనిషి నిజానికి ఏ ప్రమాదమూ తీసుకోలేదు.

ఉరి పడాలంటే బతికున్నవాళ్ళలో కనీసం సగం ఓట్లు రావాలి. 12 మంది బతికుంటే 6. 11 మంది ఉంటే సగం అయిదున్నర కాబట్టి అదీ 6. 7 మందికి 4, ముగ్గురికి 2. సగానికి చేరిన మొదటి మనిషి ఉరికి సిద్ధంగా ఉన్నట్టు. తర్వాత నామినేట్ అయినవాళ్ళకి అంతకంటే ఎక్కువ వస్తే ఉరి వాళ్ళకి మారుతుంది. సమానంగా వస్తే ఇద్దరూ తప్పించుకుంటారు, ఆ రోజు ఆ ఇద్దరిలో ఎవరికీ ఉరి లేదు. ఈ చివరి వాక్యాన్ని కొత్తవాళ్ళు వినీ విననట్టు వదిలేస్తారు. మేయర్ ఉన్న ఆటలో ఆ వాక్యమే ప్రాణం.

చచ్చిన ప్రతి మనిషికీ ఒక ఓటు టోకెన్ మిగులుతుంది. దాన్ని ఏ రోజైనా వాడొచ్చు, వాడగానే తీసేస్తారు. ఉరి తీసినా, రాత్రి చంపినా ఆ మనిషి పాత్ర ఏమిటో బయటపెట్టరు. కొత్త ఆటగాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే. చచ్చిన రోజునే ఉక్రోషంతో ఆ ఒక్క ఓటూ వేసేస్తారు. రెండో రోజు పది చేతుల్లో కలిసిపోయిన ఓటుకి, ముగ్గురే మిగిలిన రోజున అదే ఓటుకి ఉండే విలువకి పొంతన లేదు. ఆట మొదలయ్యే ముందే స్టోరీటెల్లర్ ఈ మాట గట్టిగా చెప్పాలి. "ఓటు దాచుకోండి" అంటే చాలదు, ముగ్గురున్నప్పుడు రెండు ఓట్లకే మనిషి పోతాడని అంకె చెప్తేనే మనసుకెక్కుతుంది.

ఇప్పుడు మేయర్. పెట్టెలో మూడు ఎడిషన్లు ఉంటాయి: ట్రబుల్ బ్రూయింగ్, బ్యాడ్ మూన్ రైజింగ్, సెక్ట్స్ అండ్ వయొలెట్స్. మొదటిదానిలో 22 పాత్రలు, మిగతా రెండిట్లో 25 చొప్పున. మేయర్ మొదటి ఎడిషన్‌లో, మంచి పక్షంలోని టౌన్స్‌ఫోక్‌లో (ఊరికి పనికొచ్చే శక్తి ఉన్నవాళ్ళలో) ఒకరు. శక్తి రెండు ముక్కలు. ముగ్గురే బతికున్న రోజు ఎవరికీ ఉరి పడకపోతే మేయర్ పక్షం గెలుస్తుంది. రాత్రి మేయర్ చావాల్సి వస్తే, బదులుగా ఇంకొకరు చావవచ్చు.

మిగతా మంచివాళ్ళందరూ గెలవాలంటే డీమన్‌ని, అంటే జనంలో దాక్కున్న ఆ దయ్యాన్ని, చంపాలి. మేయర్ ఒక్కరే చెయ్యి దించుకుని గెలవగలరు. సరిగ్గా ఆ కారణంగానే డీమన్ వేసుకోవడానికి ఇంతకంటే మంచి వేషం లేదు. మేయర్‌నని చెప్పుకునేవాళ్ళని ఎవరూ ఏ సమాచారమూ అడగరు. "నాకేమీ తెలియదు, చివరిదాకా నన్ను ఉంచండి, ఆ రోజు ఎవరూ ఓటు వేయకండి" అంటే చాలు. ఊరు నమ్మి ఓటు మానేస్తే, ఆ రాత్రి డీమన్ మూడో మనిషిని చంపుతుంది, ఇద్దరే మిగులుతారు, చెడు పక్షం గెలుస్తుంది. ఊరి ముందు అప్పుడున్న ప్రశ్న ఒకటే: చెయ్యెత్తొద్దంటున్న ఈ మనిషి నిజంగా మేయరా, మేయర్ కుర్చీలో కూర్చున్న దయ్యమా? ఇలాంటి ఆటల్లో కొన్నిట్లో మేయర్‌నో షెరీఫ్‌నో ఎన్నుకుని ఆ ఓటుని రెండుగా లెక్కిస్తారు. అక్కడ ఎన్నిక ఒక్కసారే అయిపోతుంది. ఇక్కడ మేయర్‌ని ఎవరూ ఎన్నుకోరు, చివరి రోజున నమ్ముతారు లేదా నమ్మరు. ఏ పదవి ఎన్నికకీ తీసిపోని ఉద్రిక్తత ఆ పది నిమిషాల్లో ఉంటుంది.

అంకెలతో చూద్దాం. 9 మంది ఆటలో 5 టౌన్స్‌ఫోక్, 2 అవుట్‌సైడర్లు (మంచి పక్షమే గానీ, శక్తి ఊరికి ఇబ్బందయ్యేవాళ్ళు), 1 మినియన్ (డీమన్‌కి సాయం చేసే చెడు మనిషి), 1 డీమన్. రోజూ ఒక ఉరి, రాత్రికొక చావు అనుకుంటే మొదటి రోజు 9 మంది (5 ఓట్లు కావాలి), రెండో రోజు 7 (4), మూడో రోజు 5 (3), నాలుగో రోజు 3 (2). అంటే బేసి సంఖ్యతో మొదలైతే మేయర్ రోజు దానంతటదే వస్తుంది. 8 మందితో మొదలైతే 8, 6, 4 అని దిగుతుంది. నలుగురున్న రోజు ఒకరిని ఉరి తీస్తే ముగ్గురవుతారు, కానీ అప్పటికే ఆ రోజు ఉరి అయిపోయింది. రాత్రి ఇంకొకరు పోతే ఇద్దరే, ఆట చెడు పక్షానిది. కాబట్టి సరి సంఖ్యలో ఆడేటప్పుడు నలుగురు మిగిలిన రోజున ఉరి మానేయాలి. మేయర్ లేని ఆటలో కూడా ఇదే మంచి పద్ధతి. నలుగురిలో ఒకరిని ఊహించడం కన్నా మర్నాడు ముగ్గురిలో ఒకరిని ఊహించడం నయం. చాలా గుంపులు పదేసి ఆటలు ఆడాక గానీ దీన్ని గమనించవు. ఈలోపు నలుగురి రోజున ఓడిపోయిన మేయర్లు చాలామందే ఉంటారు.

ఇక నాలుగో రోజు. బతికున్నది మేయర్, ఇంకో మంచి మనిషి, డీమన్ అయిన ఇంప్. చచ్చినవాళ్ళు ఆరుగురు, అందులో మినియన్ ఒకరు. "ఎవరం ఓటు వేయకపోతే గెలుస్తాం" అని మంచివాళ్ళందరూ చేతులు కట్టుకుని కూర్చుంటే ఓడిపోతారు. ఎందుకంటే ఇంప్ మేయర్‌ని నామినేట్ చేసి చెయ్యెత్తుతుంది, చచ్చిన మినియన్ దాచుకున్న టోకెన్ వాడుతుంది. రెండు ఓట్లు, ముగ్గురిలో సగం దాటింది, మేయర్‌కి ఉరి. దీనికి విరుగుడు ఆ సమానం నియమమే. బతికున్న ఇంకో మంచి మనిషి ఇంప్‌ని నామినేట్ చేసి సరిగ్గా రెండు ఓట్లు తెస్తే ఇద్దరూ తప్పించుకుంటారు, ఆ రోజు ఉరి లేదు, మేయర్ గెలిచినట్టే. మూడు ఓట్లు పడితే ఇంప్‌కి ఉరి, అదీ గెలుపే. కానీ మీరు అనుకున్న మనిషి ఇంప్ కాకపోతే మూడో ఓటు మీ మంచి మనిషినే చంపుతుంది. మేయర్ మీద పూర్తి నమ్మకం ఉండి, ఇంప్ ఎవరో తేలనప్పుడు రెండు దగ్గర ఆపడమే క్షేమం. ఆపడం చేతిలో పని: ముల్లు తిరుగుతుండగా రెండు పడగానే మిగతా చేతులన్నీ దిగాలి.

దీనికి బతికున్న ఇద్దరు మంచివాళ్ళ ఓట్లే చాలు, వాళ్ళలో ఒకరు వెనకాడితే చచ్చిన మంచివాళ్ళ టోకెన్ కావాలి. 10 నుంచి 12 మంది ఆటలో మినియన్లు ఇద్దరు కాబట్టి చెడు పక్షానికి మూడు ఓట్లు ఉండొచ్చు. అప్పుడు మూడుకి మూడు తేవాలి, అంటే చచ్చిన మంచివాళ్ళలో కనీసం ఒకరి దగ్గర టోకెన్ మిగిలి ఉండాలి. ఎవరి టోకెన్ ఎప్పుడు పోయిందో కాగితం మీద రాసుకునేవాళ్ళు గుంపులో ఒక్కరైనా ఉండాలి.

మేయర్ మాట నమ్మొచ్చా అన్నది తేల్చడానికి దారులు కొన్ని ఉన్నాయి. వాషర్‌వుమన్‌కి మొదటి రాత్రి "ఈ ఇద్దరిలో ఒకరు మేయర్" అని సమాచారం వచ్చి ఉంటే అది బలమైన సాక్ష్యం. కాకపోతే స్పై అనే మినియన్ టౌన్స్‌ఫోక్‌లా కనిపించవచ్చు, వాషర్‌వుమన్ విషంలో (శక్తి పనిచేయని స్థితిలో) ఉండవచ్చు. మేయర్ మూడో రోజున మొదటిసారి నోరు తెరవడం కంటే, మొదటి రోజే ఒకరిద్దరితో చాటుగా పాత్రలు పంచుకోవడం మేలు. "నేను ఈ మూడిట్లో ఒకటి, మీరు ఏ మూడు?" అనే మార్పిడి ఈ ఆటలో మామూలు. బయటికి షెఫ్ లాంటి మొదటి రాత్రి పాత్రనని చెప్పుకుంటే ఇంప్‌కి మేయర్‌ని చంపాలన్న ఆత్రం కూడా తగ్గుతుంది, ఎందుకంటే ఆ పాత్రలు ఇవ్వాల్సిన సమాచారం ఇచ్చేసినవే.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం విషం, మత్తు. విషం పెట్టే మినియన్ అయిన పాయిజనర్ ఆ ముందు రాత్రి మేయర్‌ని ఎంచుకుంటే, ముగ్గురి రోజున ఉరి లేకపోయినా ఏమీ జరగదు. రాత్రి పడుతుంది, ఇంప్ చంపుతుంది, ఆట పోతుంది. పాయిజనర్ చచ్చిపోతే విషం కూడా పోతుంది, కనుక మినియన్ చచ్చాడన్న నమ్మకం ఉంటే ఈ భయం అక్కర్లేదు. తాగుబోతు (డ్రంక్) అనే అవుట్‌సైడర్ పాత్ర ఇంకా గమ్మత్తు. తను మేయర్‌నని మనస్ఫూర్తిగా నమ్ముతారు, నిజంగానే నిజం చెప్తారు, కానీ శక్తి లేదు. ఆటలో అవుట్‌సైడర్ల సంఖ్య కుదరకుండా ఉంటే, అంటే 9 మందికి ఉండాల్సిన ఇద్దరిలో ఒక్కరే బయటపడితే, మేయర్‌ని కూడా అనుమానించాలి.

స్టోరీటెల్లర్ వైపు నుంచి మేయర్ కష్టమైన పాత్ర. ఇంప్ రాత్రి మేయర్‌ని ఎంచుకుంటే చావుని మళ్ళించాలా వద్దా అన్నది పూర్తిగా మీ చేతిలో ఉంటుంది. "చావవచ్చు" అంటే తప్పనిసరి కాదు. ఒక ఆటలో ఒకసారి మళ్ళిస్తే ఆట రక్తి కడుతుంది. రెండుసార్లు మళ్ళిస్తే ఊరికి అర్థమైపోతుంది, మేయర్ రుజువైపోతారు, చివరి రోజు చప్పగా తేలుతుంది. మంచి పక్షం వెనకబడి ఉన్నప్పుడు మళ్ళించండి, అదీ శక్తి వాడేసుకున్న మనిషి మీదికి. డీమన్ చంపలేని సోల్జర్ మీదికి మళ్ళిస్తే ఆ రాత్రి చావే ఉండదు, తెల్లవారగానే "సోల్జర్‌ని కొట్టారా, మంక్ కాపాడారా, మేయరా?" అని మూడు అనుమానాలు పుడతాయి. అది మంచి ఉదయం. మేయర్ విషంలోనో మత్తులోనో ఉంటే మాత్రం మళ్ళించే హక్కు మీకు లేదు, మేయరే చావాలి. ఈ పొరపాటు అనుభవం ఉన్నవాళ్ళు కూడా చేస్తారు, ఎందుకంటే ఆ క్షణంలో ఎవరు విషంలో ఉన్నారో గుర్తుచేసే రిమైండర్ టోకెన్ చూడరు. మళ్ళించారన్న సంగతి మేయర్‌కి చెప్పకూడదు.

ముగ్గురి రోజున గొంతు మారకూడదు. "ఇంకెవరైనా నామినేట్ చేస్తారా?" అని రోజూ ఎన్నిసార్లు అడుగుతారో ఆ రోజూ అన్నిసార్లే అడగండి. ఆటలో మేయర్ లేకపోయినా ఆ రోజు కూడా ఇలాగే నడపాలి, లేదంటే మీ తడబాటు చూసి పట్టేస్తారు. నామినేషన్లు ముగిసి, ఉరి లేదని తేలి, మేయర్ నిజమైనవారూ మత్తులో లేనివారూ అయితే అక్కడికక్కడే గెలుపు ప్రకటించాలి, కళ్ళు మూయించాల్సిన పని లేదు.

ఓటుతో ముడిపడ్డ మిగతా పాత్రల గురించి క్లుప్తంగా. బట్లర్ ప్రతి రాత్రి ఒక యజమానిని ఎంచుకుని, మర్నాడు ఆ యజమాని ఓటు వేస్తేనే తను వేయాలి. దీన్ని స్టోరీటెల్లర్ కాపలా కాయరు, బట్లర్ తన మీద తానే నిఘా పెట్టుకోవాలి. సెయింట్‌ని ఉరి తీస్తే సెయింట్ పక్షం వెంటనే ఓడిపోతుంది. వర్జిన్‌ని మొదటిసారి నామినేట్ చేసిన మనిషి టౌన్స్‌ఫోక్ అయితే ఆ మనిషికే తక్షణం ఉరి, ఆ రోజు ఇంకో ఉరి లేదు. ట్రావెలర్లలో బ్యూరోక్రాట్ ఎంచుకున్న మనిషి ఓటు మర్నాడు మూడు ఓట్లు. థీఫ్ ఎంచుకున్నవాళ్ళ ఓటు లెక్కలోంచి తీసివేత. ఈ రెండూ చచ్చిన ఓట్ల లెక్కతో కలిస్తే పై అంకెలన్నీ తలకిందులవుతాయి కనుక మొదటి అయిదారు ఆటలకి ట్రావెలర్లని పెట్టెలోనే ఉంచండి.

తెలుగులో నడిపేవాళ్ళు జాగ్రత్త పడాల్సిన సంగతులు కొన్ని ఏ నియమాల పుస్తకంలోనూ లేవు. మొదటిది మన క్రియ. "పాయిజనర్ ఎవరిని ఎంచుకున్నాడో" అని నోరు జారితే గుంపులో ఉన్న ఆడవాళ్ళందరూ అనుమానం నుంచి బయటపడ్డట్టే. ఎప్పుడూ "ఎంచుకున్నారు, చూశారు, చనిపోయారు" అనే వాడాలి. మన మర్యాద బహువచనం ఈ ఆటకి చేసినంత మేలు ఇంకేదీ చేయదు, అలవాటు చేసుకోండి. రెండోది "వచ్చు". మంచి పక్షంలోని రిక్లూస్ డీమన్‌లా "కనిపిస్తారు" అని చెప్తే పాత్ర మారిపోతుంది, "కనిపించవచ్చు" అనాలి. మేయర్ బదులు ఇంకొకరు "చస్తారు" అని చెప్పిన ఆట మొదటి రాత్రికే పాడవుతుంది. మూడోది మత్తు. తాగుబోతు అనేది పాత్ర పేరు, శక్తి పనిచేయని స్థితికి "మత్తులో ఉన్నారు" అని వేరే మాట పెట్టుకోండి, లేకపోతే రెండూ కలిసిపోతాయి.

పాత్రల పేర్లు ఇంగ్లీషులోనే ఉంచడం నయం, టోకెన్ మీదా రాత్రి వరుస కాగితం మీదా అవే ఉంటాయి. ఫార్చ్యూన్ టెల్లర్‌ని సోదెమ్మ అంటే మాత్రం ముచ్చటగా అతుకుతుంది, అందరికీ వెంటనే అర్థమవుతుంది. వాషర్‌వుమన్‌కి కులం పేరు తగిలించొద్దు, ఆటలో ఎవరినీ నొప్పించే పని లేదు.

రాత్రి అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు గాజుల చప్పుడు, కాలి పట్టీల చప్పుడు ఎవరు వేలు చూపించారో చెప్పేస్తాయి. ఆటకి ముందే తీసి పక్కన పెట్టమనండి, లేదా రాత్రంతా వరుసగా తొడలు తట్టే పని అందరికీ అప్పజెప్పండి. ప్లాస్టిక్ కుర్చీల కిర్రుమనే చప్పుడు కూడా అంతే, జంపఖానా పరిచి కింద కూర్చోవడమే మంచిది. స్టోరీటెల్లర్ ప్రతి రాత్రీ చుట్టూ ఒక ప్రదక్షిణం పూర్తిగా చేయాలి. మేల్కొన్న మనిషి దగ్గరే ఆగి వెనక్కి వస్తే అడుగుల చప్పుడు పట్టిస్తుంది.

బంధువుల మధ్య ఆడితే మరో చిక్కు ఉంది. పెద్దవాళ్ళని "మీరు అబద్ధం చెప్తున్నారు" అనడానికి నోరు రాదు, దాంతో మావయ్యలూ పెద్దమ్మలూ డీమన్‌లుగా హాయిగా గెలుస్తుంటారు. "మీ లెక్క, అత్తయ్య లెక్క కలవట్లేదు మావయ్యా" అనే ధోరణి నేర్పితే ఎవరికీ ఇబ్బంది ఉండదు, ఆటా సమానమవుతుంది.

ఇక పెట్టె. పెద్ద పాత పుస్తకంలా ఉండే ఈ పెట్టె తెరిస్తే స్టోరీటెల్లర్‌కి మాత్రమే కనిపించే గ్రిమ్వార్ అవుతుంది. మనుషులు కూర్చున్న వరుసలోనే పాత్రల టోకెన్లు గుండ్రంగా పేర్చాలి. మధ్యలో పెట్టే చిన్న బోర్డు మీద ఎవరు బతికున్నారో, ఎవరి ఓటు మిగిలుందో అందరికీ కనిపిస్తుంది. టోకెన్ల మీద బొమ్మలు అందంగా ఉన్నాయి, ప్రతి ఎడిషన్‌కీ పాత్రల్ని విడివిడిగా వివరించే పుస్తకం ఉంది. మేయర్ పేజీ నడిపే ముందు తప్పక చదవాలి. చిన్న రిమైండర్ టోకెన్లు మాత్రం వేధిస్తాయి. ఆట అయ్యాక పాత్రలవారీగా సర్దకపోతే తర్వాతి ఆటకి అరగంట వెతుకులాట.

సంచిలో టోకెన్లు వేసేటప్పుడు జరిగే తప్పులు రెండు. బారన్ అనే మినియన్ ఉంటే ఇద్దరు టౌన్స్‌ఫోక్‌ని తీసి ఇద్దరు అవుట్‌సైడర్లని కలపాలి. 9 మందికి 3 టౌన్స్‌ఫోక్, 4 అవుట్‌సైడర్లు అవుతారు. కలపడం గుర్తుంటుంది, తీయడం మర్చిపోతారు, పంచేటప్పుడు రెండు టోకెన్లు ఎక్కువై ఆట మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తుంది. తాగుబోతు ఉంటే ఆ టోకెన్ సంచిలో వేయకూడదు, ఒక టౌన్స్‌ఫోక్ టోకెన్ వేసి, గ్రిమ్వార్‌లో ఆ మనిషి పక్కన తాగుబోతు రిమైండర్ పెట్టాలి.

7 మంది కంటే తక్కువుంటే మినియన్, డీమన్ ఒకరికొకరు తెలియరు, డీమన్‌కి ఆటలో లేని మూడు పాత్రల పేర్లు కూడా చెప్పరు. అయిదుగురి ఆటలో మేయర్‌ని పెట్టొద్దు, రెండో రోజే ముగ్గురవుతారు, నమ్మకం ఏర్పడే సమయం ఉండదు. 8 నుంచి 12 మంది మేయర్‌కి సరైన గుంపు. మొదటిసారి 8 మందితో అయితే వాషర్‌వుమన్, ఎంపత్, అండర్‌టేకర్, మంక్, మేయర్, అవుట్‌సైడర్‌గా రిక్లూస్, మినియన్‌గా స్కార్లెట్ వుమన్, డీమన్ ఇంప్. విషం లేదు కాబట్టి సమాచారం చాలావరకు నిజమవుతుంది, ఓటు లెక్క మీద మనసు నిలుస్తుంది. అయిదుగురు లేదా ఎక్కువ మంది బతికుండగా ఇంప్ చస్తే స్కార్లెట్ వుమన్ ఇంప్ అవుతుంది, ఇది స్టోరీటెల్లర్ మర్చిపోతే మంచి పక్షానికి ఉత్తినే గెలుపు ఇచ్చేస్తారు.

మిగతా రెండు ఎడిషన్లు పెట్టెలో ఉన్నాయి కదా అని తొందరపడొద్దు. ట్రబుల్ బ్రూయింగ్ ఇరవై ఆటలకి సరిపోతుంది. ఈ 22 పాత్రల్లో ఓటు చుట్టూ అల్లినవి కొన్ని ఉన్నాయి. బ్యాడ్ మూన్ రైజింగ్‌లో రాత్రికి ఇద్దరు ముగ్గురు చస్తారు, సెక్ట్స్ అండ్ వయొలెట్స్‌లో సమాచారమే తలకిందులవుతుంది. రెండూ బాగున్నాయి, కానీ ఓటు విలువ తెలిశాకే వాటి రుచి తెలుస్తుంది.

ధర ఎక్కువే. బయటి దేశం నుంచి తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ కలిసి ఇంకా పెరుగుతుంది. నెలకోసారైనా ఎనిమిది మంది దొరికేవాళ్ళకి, ఆడేవాళ్ళలో ఒకరికి స్టోరీటెల్లర్‌గా ఉండటం ఇష్టమైతే, పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. నలుగురైదుగురు స్నేహితులే ఉంటే కొనొద్దు. కొనే ముందు ఇంట్లో తయారుచేసి చూడండి: పాత శుభలేఖల అట్టని గుండ్రంగా 22 ముక్కలు కోసి ఒక్కోదాని మీద పాత్ర పేరు రాయండి, క్యారమ్స్ తెల్ల కాయలు బతికున్నవాళ్ళకి, నల్ల కాయలు చచ్చినవాళ్ళ ఓటుకి, తాంబూలం సంచి ఒకటి టోకెన్లు తీయడానికి. ఆ సంచి లోపలికి చూపు పోనంత మందంగా ఉండాలి, పల్చటి గుడ్డైతే అక్షరాలు కనిపిస్తాయి.